నందినీ సుందర్: బస్తర్ కుర్రాళ్ల చేతికి తుపాకీ, సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యం

నందినీ సుందర్ (జననం 1967) ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సామాజికశాస్త్ర ఆచార్యులు. బస్తర్ ఆదివాసీల చరిత్రపై మూడు దశాబ్దాలకు పైగా పరిశోధన చేస్తున్నారు. సల్వా జుడుంపై ఆమె పేరుతో నడిచిన కేసులోనే, చదువు అంతగా లేని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా సాగే 163వ జాతీయ రహదారి గోదావరి దాటి భోపాలపట్నంలో ఆగుతుంది. అక్కడి నుంచి బీజాపూర్ వైపు వెళ్తే మద్దేడ్ వస్తుంది. ఆ ప్రాంతంలో గోండి, దొర్లితో పాటు తెలుగూ వినిపిస్తుంది. సల్వా జుడుం రోజుల్లో ఇళ్లు వదిలి గోదావరి పరీవాహక అడవుల్లోకి వచ్చినవారిని మన ఖమ్మం జిల్లాలో గొత్తికోయలన్నారు.

సుందర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1995లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి మానవశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అందుకోసం 1990ల మొదట్లో బస్తర్ పల్లెల్లో ఉన్నారు. 1997లో వచ్చిన ఆమె తొలి పుస్తకం 'సబాల్టర్న్స్ అండ్ సావరిన్స్' 1854 నుంచి 1996 వరకు బస్తర్ చరిత్ర చెబుతుంది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు అందులో ముఖ్యమైన ఘట్టం. అడవి చట్టాలు, వెట్టి, పై అధికారుల పెత్తనం ప్రజలను ఎలా కదిలించాయో పాత దస్త్రాలతోనూ ఊళ్లలో విన్న జ్ఞాపకాలతోనూ రాశారు. 2010లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. అప్పటికే ఆమె కోర్టు మెట్లెక్కి మూడేళ్లయింది.

2005 జూన్‌లో, అప్పటికింకా దంతెవాడ జిల్లాలో ఉన్న బీజాపూర్ ప్రాంతంలోని కుట్రు వైపు సల్వా జుడుం మొదలైంది. కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ దానికి నాయకుడు, రాష్ట్రంలోని బీజేపీ ప్రభుత్వం అండ. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రజలే కదిలారన్నది అధికారిక వాదన. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తరలించారు. 2006 మేలో ఒక స్వతంత్ర పౌర బృందం అక్కడ పర్యటించింది. అందులోని ముగ్గురు, సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఐఏఎస్ మాజీ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ, 2007లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

పిటిషన్ ప్రధానంగా ఊళ్లు కోల్పోయినవారి తరఫున వేసింది. తీర్పు మాత్రం తుపాకీ పట్టినవారి దాకా వెళ్లింది. నా దృష్టిలో దాని విలువంతా అక్కడే ఉంది. ప్రభుత్వం నియమించిన ప్రత్యేక పోలీసు అధికారులు (ఎస్పీవోలు) దాదాపు 6,500 మంది, ఎక్కువగా ఆదివాసీ కుర్రాళ్లు. ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యం, రెండు నెలల శిక్షణ, నెలకు రూ.3,000 గౌరవ వేతనం. వీరిలో 173 మంది చనిపోయారని ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్‌ల ధర్మాసనం 2011 జూలై 5న తీర్పు చెబుతూ, ఇది 14, 21 అధికరణల ఉల్లంఘన అన్నది. రెగ్యులర్ పోలీసుకున్న శిక్షణ, జీతం, భద్రత లేకుండా అదే ప్రమాదంలోకి నెట్టడం సమానత్వం కాదు. తుపాకులన్నీ వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది.

రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాదే సహాయక సాయుధ పోలీసు దళం పేరిట ఒక చట్టం తెచ్చి, ఎస్పీవోల్లో చాలామందిని అందులోకి తీసుకుంది. జీతం పెరిగింది. పని మారలేదు. పిటిషనర్లు కోర్టు ధిక్కారం కేసు వేశారు.

2011 మార్చిలో తాడ్‌మెట్ల, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లు తగలబెట్టిన కేసును ఇదే ధర్మాసనం సీబీఐకి అప్పగించింది. 2016 అక్టోబరులో ఆ దర్యాప్తు వివరాలు బయటికి రాగానే, బస్తర్‌లో సహాయక దళాల పోలీసులు యూనిఫాంలోనే సుందర్ దిష్టిబొమ్మ తగలబెట్టారు. తమను చావు ముందు నిలబెట్టవద్దని కొట్లాడిన మనిషి బొమ్మకే వారు నిప్పు పెట్టారు. తర్వాతి నెల సుక్మా జిల్లాలో జరిగిన ఒక హత్య కేసులో పోలీసులు ఆమె పేరు చేర్చారు. సుప్రీంకోర్టు అరెస్టు నుంచి రక్షణ కల్పించింది. 2019 ఫిబ్రవరిలో పోలీసులే ఆమెపై ఆరోపణలు ఉపసంహరించుకున్నారు. ఆమెను మావోయిస్టుల పక్షమనేవారు ఆమె 2016 పుస్తకం 'ది బర్నింగ్ ఫారెస్ట్' చదివితే, మావోయిస్టుల హత్యలపై విమర్శ కూడా కనిపిస్తుంది.

2025 మే 15న ధిక్కారం కేసును సుప్రీంకోర్టు ముగించింది. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదన్నది. ఆగస్టులో, రంగారెడ్డి జిల్లాకు చెందిన సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడినప్పుడు హోంమంత్రి అమిత్ షా ఈ తీర్పునే ఆయనపై విమర్శాస్త్రంగా వాడారు.

ఎస్పీవో అన్న పేరు ఇప్పుడు పెద్దగా వినిపించదు. స్థానిక యువకులనూ లొంగిపోయిన మావోయిస్టులనూ డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్‌లోకి తీసుకుంటున్నారు. 2025 జనవరి 6న కుట్రు దగ్గర అంబేలి వద్ద మందుపాతర పేలి ఆ దళానికి చెందిన ఎనిమిది మంది, వారి వాహన డ్రైవరు చనిపోయారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులు.