కడప సీమలో పాటకు పట్టం కట్టినవారు

కడప సీమలో పాట గొప్పదనాన్ని తేల్చినవారు రెండు తెగలు. తూర్పున తాళ్లపాక, దేవుని కడప వైపు గుడి, ఆస్థానం, శాస్త్రం ఆ తీర్పు చెప్పాయి. పడమట, చిత్రావతి పెన్నలో కలిసే కొండాపురం మొదలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల దాకా పరుచుకున్న రేనాటి భాగంలో ఊరి జనం చెప్పారు. ఆరు వందల ఏళ్ల ఈ చరిత్రలో ఏ పాటకూ గొప్పదనం ఒక్కసారిగా, అందరి చేతా దక్కలేదు.

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) పాటకు శాస్త్రం రాసిన తొలి తెలుగు వాగ్గేయకారుడు. ఆయన సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం దొరకలేదు. మనుమడు చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు సేత మిగిలింది. పదం ఎలా ఉండాలో అది చెబుతుంది. అయితే లక్షణం కుదిరిన పాటలన్నీ గొప్పవి కావు. వినేవాడి మనసు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మరో మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన తాతగారి చరిత్రలో ఇందుకు నిదర్శనం ఉంది. అన్నమయ్య పాడిన శృంగార పదానికి సాళువ నరసింహరాయలు మురిసిపోయి, అలాంటి పదం తన మీద చెప్పమన్నాడు. కవి ఒప్పుకోలేదు. రాజు సంకెళ్లు వేయించాడు. రాజుకు పాటలోని రసం ముఖ్యం, అది ఎవరి మీదైనా ఒకటే. కవికి ఆ పాట ఎవరిదన్నదే ముఖ్యం.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలంలో అవి రాగిరేకులకెక్కి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారం చేరాయి. 1565లో విజయనగరం కూలాక క్రమంగా వాటి మీద జనానికి ధ్యాస తప్పింది. తర్వాతి శతాబ్దాల్లో సంగీతసభ గొప్ప పాటలను ఎంచుకున్నప్పుడు ఈ నిధి చాలావరకు లెక్కలోకే రాలేదు.

1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి చొరవతో రేకులు వెలుగు చూశాయి. మిగిలిన పాటలు 12 వేలకు పైగా. వాటిలో అధ్యాత్మ సంకీర్తనల కన్నా శృంగార సంకీర్తనలు ఎన్నో రెట్లు ఎక్కువ. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి పాఠాలను పరిష్కరించి జనంలోకి తెచ్చారు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) కొన్నింటికి స్వరం కట్టారు. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆ పని కొనసాగించారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల రికార్డులు, 1997లో కీరవాణి సంగీతంతో వచ్చిన అన్నమయ్య సినిమా మరికొన్నింటిని ఇంటింటికీ చేర్చాయి. ఈనాడు జనం నోట ఉన్నవి వేలల్లో కొన్ని పదులే. వాటికి దక్కిన పేరులో కవి భాగంతో పాటు బాణీ కట్టినవారి భాగం, గొంతు భాగం ఉన్నాయి. బాణీ దొరకని పాట తీర్పు దాకానే రాలేదు.

కడప సీమ బయట, త్యాగరాజు (1767–1847) కృతుల్లోనూ ఎంపిక ఇలాగే జరిగింది. ఐదు ఘనరాగ కృతులను పంచరత్నాలుగా శిష్యులు, తర్వాతి తరాలు నిలబెట్టాయి. తిరువైయారు ఆరాధనలో వాటిని అందరూ కలిసి పాడే ఆనవాయితీ 1940 ప్రాంతంలో స్థిరపడ్డాక ఆ ఐదింటి స్థానం తిరుగులేనిదైంది. ఆయన కృతుల్లో ఇంకేవీ వాటితో తూగవని దీని అర్థం కాదు.

త్యాగరాజు జనవరిలో కన్నుమూసిన ఆ 1847లోనే, ఫిబ్రవరి 22న, రేనాటి కోయిలకుంట్లలో, ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు. కుంపిణీ లెక్కలో అతను రాజద్రోహి. రేనాటి జనం అతన్ని వీరుడిగా పాట కట్టుకున్నారు. 1866 నాటి కరువులో అన్నార్తుల ఆకలి తీర్చిన బుడ్డా వెంగళరెడ్డి మీదా అలాగే పాట పుట్టింది. ఈ పాటలకు రాగిరేకులు లేవు, ఆస్థానం లేదు. పాడేవారు చరణం చేర్చారు, తీసేశారు, ఊరిని బట్టి మాట మార్చారు. జనం మళ్లీ మళ్లీ అడిగి పాడించుకున్నది నిలిచింది, అడగనిది పోయింది. తంగిరాల వెంకట సుబ్బారావు రేనాటి సూర్యచంద్రులు అన్న పరిశోధనతో ఈ ఇద్దరి పాటలకు విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. అంతకు ముందూ అవి గొప్పవే. గుర్తించే చోటు మాత్రమే మారింది.

లక్షణం, రసం, భక్తి, బాణీ, గొంతు, ఊరి జ్ఞాపకం అన్నీ పాటకు కొలతలే. ఏ కొలతా మిగిలినవాటిని కొట్టివేయలేదు. అందువల్ల అన్ని కాలాలకూ గొప్ప పాటలంటూ వేసే పట్టిక ఆ కాలపు, ఆ తీర్పరుల అభిరుచిని నమోదు చేస్తుంది. ఆ విలువ దానికి ఎప్పుడూ ఉంటుంది. అయితే పట్టికకు ఎక్కని వేల సంకీర్తనలకు బాణీ కట్టడం, రేనాటి పల్లెల్లో ఇంకా పాడగలిగినవారి పాటను రికార్డు చేయడం పట్టికలు వేయడం కన్నా ముందు జరగాల్సిన పని. వినిపించని పాటకు న్యాయమైన తీర్పు ఎవరూ చెప్పలేరు.