గొంతులో బిరడా

అక్క టిఫా స్కాన్ రిపోర్టు ఓ రాత్రి వాట్సాప్‌లో వచ్చింది. కింద ఒక్క ప్రశ్న: "ఇదేంట్రా, కొంచెం చదివి చెప్పవా?" కడుపులో బిడ్డకి డయాఫ్రమ్‌లో రంధ్రం ఉంది. పొట్టలో ఉండాల్సిన పేగులు ఛాతీలోకి ఎక్కి, ఎడమ ఊపిరితిత్తిని ఎదగనివ్వడం లేదు. నేను డాక్టర్ని కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణి. నాకు తెలిసిన దారిలోనే వెతికాను. దీనికి గర్భంలోనే వైద్యం చెయ్యొచ్చన్న ఆలోచన ఎక్కడ పుట్టింది?

ఇంకో జబ్బులో పుట్టింది.

గర్భంలో బిడ్డ గాలి పీల్చదు. అలాగని ఊపిరితిత్తులు ఊరికే ఉండవు. వాటిలో ఊరే ద్రవం గొంతు గుండా ఉమ్మనీటిలోకి పోతూ ఉంటుంది. 1948లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల మీద ప్రయోగాలు చేస్తుంటే, గాలిగొట్టం మూసుకుపోయినచోట ఊపిరితిత్తులు ఉబ్బి పెద్దవయ్యాయి. మనుషుల్లోనూ చాలా అరుదుగా స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోయిన బిడ్డలుంటారు. బయటికి పోలేని ద్రవంతో ఊపిరితిత్తులు ఉబ్బి గుండెని నొక్కేస్తాయి. ఒంట్లో నీరు చేరుతుంది. బొడ్డుతాడు కోశాక ఊపిరికి దారే ఉండదు.

1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం ఈ స్థితికి ఒక పేరు పెట్టింది. 1981లో గర్భసంచి తెరిచి బిడ్డకి ఆపరేషన్ చేసింది ఈ హారిసనే. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'కేయాస్', అంటే అల్లకల్లోలం. అదే ఏడాది, అదే మార్క్ హెడ్రిక్ మొదటి రచయితగా ఇంకో వ్యాసం వచ్చింది. దాని పొట్టిపేరు 'ప్లగ్', అంటే బిరడా. ఎదగని ఊపిరితిత్తి ఎదిగేదాకా గొంతు మూసి ఉంచితే? అన్నది అందులోని ఆలోచన. ఒక బిడ్డని చంపే అడ్డంకే ఇంకో బిడ్డకి మందు!

మొదట్లో గర్భసంచి తెరిచి గాలిగొట్టానికి క్లిప్పు పెట్టేవాళ్ళు. తర్వాత ఎండోస్కోపు వచ్చింది. గర్భంలోకి గొట్టం పంపి చూడటం 1954లోనే స్వీడన్‌లో బ్యోర్న్ వెస్టిన్ చేశాడు. ఇప్పుడు దాని దారి వేరు. తల్లి పొట్ట మీద చిన్న గాటు, దాదాపు మూడు మిల్లీమీటర్ల గొట్టం, బిడ్డ నోరు, నాలుక, స్వరతంత్రులు, వాటికింద ఒక చిన్న బెలూన్. ఇదే స్కోపుతో కేయాస్ బిడ్డ గొంతులోనూ చూస్తారు. ఉబ్బిన ఊపిరితిత్తుల్ని స్కాన్ చూపిస్తుంది, కానీ గొంతుకి అడ్డం పడింది పల్చటి పొరా, మందపాటి గోడా అన్నది లోపలికెళ్ళి చూస్తే స్పష్టమవుతుంది. పొరైతే లేజర్‌తో చిల్లు పెట్టే ప్రయత్నం చెయ్యొచ్చు. గోడైతే కాన్పు సమయంలో, బొడ్డుతాడు కోయకముందే, బిడ్డ మెడలో ఊపిరికి దారి చేస్తారు.

ఈ కథ నేరుగా విజయం వైపు నడవలేదు. 2003లో హారిసన్ బృందమే 24 మంది గర్భిణుల మీద చేసిన ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. గొంతు మూసినా, మూయకపోయినా బతికిన బిడ్డల శాతంలో పెద్ద తేడా లేదు. తమ ఆశ ఫలించలేదని తామే అచ్చు వేసుకున్నారు. 2021లో బెల్జియంలోని ల్యూవెన్‌కు చెందిన యాన్ డెప్రెస్ట్, ఇతర దేశాల వైద్యులు కలిసి, ఎడమవైపు ఊపిరితిత్తి మరీ చిన్నగా ఉన్న బిడ్డల మీద ట్రయల్ ఫలితాలు ప్రకటించారు. బెలూన్ పెట్టినవాళ్ళలో 40 శాతం బతికి ఇంటికెళ్ళారు, పెట్టనివాళ్ళలో 15 శాతం.

ఆ అంకె దగ్గరే ఆగితే అక్కకి అబద్ధం చెప్పినట్టే. ఆ ట్రయల్‌లోనే, బెలూన్ పెట్టిన తల్లుల్లో 47 శాతం మందికి ఉమ్మనీరు ముందే పోయింది. మిగతావాళ్ళలో అది 11 శాతమే. బెలూన్ తియ్యలేకపోవడం వల్ల ఒక బిడ్డ పుట్టాక చనిపోయింది. బిరడా మళ్ళీ అల్లకల్లోలమైందన్నమాట. అందుకే 34వ వారంలో దాన్ని తీసేదాకా తల్లి ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. పెద్దపిల్లని ఎవరికో అప్పజెప్పి, సెలవు పెట్టి, ఊరు మారి. వ్యాసాల శీర్షికల్లో కనిపించని శ్రమ ఇది.

అక్క విషయంలో ఆ అవసరం పడలేదు. ఊపిరితిత్తి అంత చిన్నగా లేదు, పుట్టాక ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టర్లు. చేశారు. పాపకిప్పుడు మూడేళ్ళు.

ఆ రాత్రి ఇదంతా చెప్పాక అక్క అడిగింది: "సరే గానీ, ఆ గొంతు మూసుకుపోయిన పిల్లలేమయ్యార్రా?"

వాళ్ళలో చాలామంది బతకలేదు. ఊపిరితిత్తులు ఎలా ఎదుగుతాయో మాత్రం చూపించి వెళ్ళారు.