చిన్న ఢీకి చట్టంలో చోటెంత?

1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది జూలైలో, ఎవరి పేరు ఆ ఊరికి పెట్టారో ఆ జంషెట్జీ కుమారుడు దొరాబ్జీ టాటా బొంబాయిలో న్యూ ఇండియా అస్యూరెన్స్‌ను స్థాపించాడు. సాక్చిని ఆనుకుని ఉన్న భాలుబాసాలో ఇవాళ ఒక ఆటో ఒక స్కూటరును రాసుకుపోతే లేచే తగవుకు ఈ రెండింటితోనూ చుట్టరికం ఉంది.

మూడో పక్షానికి బీమాను తప్పనిసరి చేసిన అధ్యాయం 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. అయితే అది అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. అంటే చట్టం పుట్టిన ఏడేళ్ళకు. 1954లో జంషెడ్‌పూర్‌లోని టెల్కో, జర్మనీ డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ లారీల వల్ల నష్టపోయినవాడు సివిల్ కోర్టుకు ఫీజు కట్టి ఏళ్ళ తరబడి తిరగనక్కర్లేకుండా ట్రిబ్యునళ్ళకు దారి తీసింది 1956 సవరణ. 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమైంది. నూట ఏడు సంస్థలు నాలుగయ్యాయి. దొరాబ్జీ సంస్థ ప్రభుత్వపరమైంది. టాటాలు మళ్ళీ ఈ రంగంలోకి వచ్చింది 2001లో, అమెరికా భాగస్వామితో.

ఈ చరిత్రంతా మరణాల చుట్టూ, అంగవైకల్యాల చుట్టూ తిరుగుతుంది. అది న్యాయమే. కాని నలిగిన తలుపు, పగిలిన హెడ్‌లైటు సంగతి? 1988 చట్టం మూడో పక్షపు ఆస్తినష్టానికి బీమా తప్పనిసరిగా భరించాల్సిన పరిమితిని ఆరువేల రూపాయలుగా రాసి, మూడు దశాబ్దాలు దాని జోలికి పోలేదు. ఈలోగా కారు బంపరు ధరే ఆ అంకెను దాటిపోయింది. పాలసీలు అంతకు మించిన రక్షణ ఇస్తున్నా, ఆస్తినష్టం కోసం ట్రిబ్యునల్ గడప తొక్కే ఓపిక ఎవరికుంటుంది? సొంత పాలసీ మీద క్లెయిము చేస్తే ఏటా పెరుగుతూ యాభై శాతం దాకా చేరే బోనస్ పోతుంది. పైగా తప్పనిసరి కోత ఒకటి. కనుకనే చిన్న ఢీ లెక్క రోడ్డు మీదే తేలుతుంది. గొంతు పెద్దదైనవాడిదే న్యాయం. అద్దె ఆటో నడిపేవాడి జేబులోంచి ఆ రోజు కూలి అక్కడికక్కడే పోతుంది.

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వలసవెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో ఇంకో మెలిక ఉంది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1994లో చేసిన సవరణ, పరిహారం కోరడానికి ఉన్న ఆరునెలల గడువును ఎత్తేసింది. గాయపడినవాడు కోలుకుని, కాగితాలు కూడగట్టుకుని, ఆ తరువాతే కోర్టుకెళ్ళవచ్చునన్నది దానివల్ల కలిగిన వెసులుబాటు. ప్రమాదం జంషెడ్‌పూర్‌లో, బంధుబలగం శ్రీకాకుళంలో ఉన్నవాడికి దాని విలువ తెలుసు. 2019 సవరణ ఆ గడువును తిరిగి తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. జరిమానాలు పెరిగాయని దేశమంతా గగ్గోలు పెట్టిన ఆ సవరణలోనే ఈ చిన్న నిబంధన కూడా ఉంది. దాని మీద చర్చ జరిగింది తక్కువ.