విద్యుత్ తీగలపై బ్రాడ్‌బ్యాండ్ : రేడియో అంతరాయంపై అవగాహన

(ప్రత్యేక వ్యాసం)

సిరిసిల్ల : మరమగ్గాల పట్టణంగా పేరొందిన సిరిసిల్లకు విద్యుత్ రంగంలోనూ విశిష్ట స్థానమున్నది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ తోడ్పాటుతో దేశంలో ప్రయోగాత్మకంగా నెలకొల్పిన తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో 1970లో పంపిణీ ప్రారంభించిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) ఒకటి. ఇంటింటికీ, మగ్గం మగ్గానికీ చేరిన ఈ తీగల మీదుగానే ఇంటర్నెట్‌ను కూడా అందించవచ్చు గదా అన్న ఆలోచన సహజమైనది. ప్రపంచంలో పలుచోట్ల ఈ ప్రయత్నం జరిగింది. అయితే దానితోపాటే తలెత్తిన రేడియో అంతరాయ సమస్యను ప్రజలు తెలుసుకొనుట అవసరం.

సాంకేతిక విధానం

గృహ విద్యుత్తు 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో ప్రవహిస్తుంది. అదే తీగపై సుమారు 2 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు, కొన్ని వ్యవస్థలలో 80 మెగాహెర్ట్జ్ వరకు, సమాచార సంకేతాలను పంపడమే ఈ విధానం. టెలిఫోన్ కేబుల్‌లోని రెండు తీగలు మెలివేసి ఉన్నందున ఒకదాని వికిరణాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. స్తంభాలపై దూరదూరంగా సాగే విద్యుత్ తీగలకు మెలిక లేదు, కవచమూ లేదు. కావున అవి కొంతమేరకు ఏరియల్ వలె పనిచేసి సంకేతాలను గాలిలోకి వెదజల్లుతాయి.

ఎవరికి ఇబ్బంది?

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ మధ్యతరంగ ప్రసారం గానీ, 88-108 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. ప్రసారాలు గానీ ఈ పరిధిలోకి రావు. లఘుతరంగ శ్రోతలు, ఓడలు, విమానాల దూరప్రాంత సమాచార సేవలు, హామ్ రేడియో ఔత్సాహికులు మాత్రం ఈ పరిధినే వినియోగిస్తున్నారు. వేలాది కిలోమీటర్ల దూరం నుండి వచ్చే బలహీన సంకేతం స్థానిక రొదలో మునిగిపోయే ప్రమాదమున్నది.

ఇది కేవలం కాలక్షేపానికి సంబంధించిన విషయం కాదు. 2004 డిసెంబరులో సునామీ అండమాన్ దీవులను తాకినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతి ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి, ఇతర సమాచార మార్గాలు తెగిపోయిన వేళ బాధితుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. అట్టి ఆపద వేళల్లో రేడియో పరిధి నిశ్శబ్దంగా ఉండుట ప్రాణావసరం.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2004 అక్టోబరులో ఈ సేవలకు నిబంధనలు రూపొందించింది. అక్కడి హామ్ రేడియో సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, కమిషన్ తన అధ్యయనాలలోని కొన్ని భాగాలను బహిర్గతం చేయలేదనీ, అంతరాయాన్ని లెక్కగట్టిన తీరుకు తగిన వివరణ ఇవ్వలేదనీ 2008 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. వర్జీనియా రాష్ట్రంలోని మనస్సాస్ పట్టణం తన సేవను 2010లో నిలిపివేసింది. గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల ద్వారా ఈ సేవలందించిన ఐబెక్ సంస్థ 2012లో మూతపడింది. జపాన్ 2006లో తొలుత ఇళ్ల లోపలి వినియోగానికే అనుమతించింది. హామ్ పరిధులలో సంకేతాలను తగ్గించే 'నాచింగ్' పద్ధతి వల్ల అంతరాయం తగ్గుతుంది గానీ పూర్తిగా తొలగదు.

మన ప్రాంత పరిస్థితి

మగ్గాల మోటార్లు, వ్యవసాయ పంపుసెట్ల స్విచ్‌లు, వదులైన జాయింట్లు తీగలపై విద్యుత్ రొదను కలిగిస్తాయి. ఈ రొద రేడియోకే గాక తీగపై సాగే ఇంటర్నెట్‌కు కూడా ఆటంకమే. ట్రాన్స్‌ఫార్మర్లు సైతం ఈ సంకేతాలను అడ్డగించుటచే ప్రతిచోటా అదనపు పరికరం అమర్చవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్ ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. విద్యుత్ తీగలను గాక విద్యుత్ స్తంభాలను వినియోగించుకొని ఆప్టికల్ ఫైబర్‌ను విస్తరింపజేసింది. తెలంగాణలో టి-ఫైబర్‌కు మిషన్ భగీరథ పైపులైన్ల మార్గాలు ఉపకరించాయి. ఫైబర్‌లో ప్రయాణించేది కాంతి గనుక ఆ తంతువు నుండి రేడియో అంతరాయానికి తావులేదు.

వినియోగదారులకు సూచనలు

* రేడియోలో రొద వినిపించినప్పుడు బ్యాటరీతో నడిచే రేడియోను ఆన్ చేసి, ఇంటి మెయిన్ స్విచ్‌ను ఆపి పరీక్షించాలి. రొద ఆగితే కారణం ఇంట్లోనే ఉన్నట్లు. నాసిరకం ఎల్.ఇ.డి. బల్బులు, ఛార్జర్లు తరచుగా ఇందుకు కారణమవుతాయి.

* రొద ఆగనిచో తేదీ, సమయం, పౌనఃపున్యం నమోదు చేసుకోవాలి.

* స్తంభం వద్ద నిప్పురవ్వలు గానీ, పగిలిన ఇన్సులేటర్ గానీ కనిపిస్తే స్వయంగా తాకక వెంటనే విద్యుత్ సిబ్బందికి తెలియజేయాలి.

* లైసెన్సు పొందిన హామ్‌లు అంతరాయం కొనసాగినచో కేంద్ర టెలికాం శాఖ పరిధిలోని వైర్‌లెస్ పర్యవేక్షణ విభాగానికి వివరాలతో ఫిర్యాదు చేయవచ్చును.

ఇంటర్నెట్ ప్రతి ఇంటికీ చేరవలసినదే. అయితే విపత్తు వేళ ఆదుకొనే రేడియో మార్గానికి భంగం కలుగని రీతిలో అది చేరుట అందరికీ శ్రేయస్కరం.