నిన్న, నేడు, రేపు: జీవన సంతృప్తిని కొలిచిన చరిత్ర

"మీ జీవితం మీకు తృప్తిగా ఉందా?" అని ఎవరైనా అడిగితే మీ మనసులో ఏ కాలం మెదులుతుంది? చదువు ఆగిపోయిన ఏడాదా, ఇప్పటి ఉద్యోగమా, డిగ్రీ చేతికొచ్చాక రాబోయే రోజులా? ప్రశ్న ఒకటే అయినా అందులో మూడు కాలాలు ఉన్నాయి. వాటిని విడదీసి కొలిచే పద్ధతి ఎలా రూపొందిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

నిచ్చెన పద్ధతి

అమెరికా మనస్తత్వవేత్త హాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన గ్రంథంలో పలు దేశాల్లో జరిపిన సర్వేల ఫలితాలను వివరించాడు. వాటిలో భారతదేశం కూడా ఉంది. తమ దృష్టిలో అత్యుత్తమ జీవితం ఏదో, అత్యంత హీనమైన జీవితం ఏదో ముందుగా ప్రజలే తమ మాటల్లో చెప్పాలి. ఆ తరువాత 0 నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెన బొమ్మ చూపి, ఇప్పుడు ఏ మెట్టుపై ఉన్నారు, ఐదేళ్ల క్రితం ఎక్కడ ఉన్నారు, ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు అని అడిగారు. ప్రస్తుత స్థితికి భారతీయుల సగటు 3.7 కాగా, అమెరికన్లది 6.6.

ఐదు వాక్యాల మాపని

1985లో ఎడ్ డైనర్, అతని సహచరులు ఐదు వాక్యాల జీవన సంతృప్తి మాపనిని ప్రకటించారు. ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై దానిని పరీక్షించారు. ప్రతి వాక్యానికి 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. మొత్తం 5 నుంచి 35 వరకు వస్తుంది. ఇది సులభమైనది కనుక త్వరగా వ్యాపించింది. అయితే కొన్ని వాక్యాలు వర్తమానాన్ని, మరికొన్ని గడిచిన జీవితాన్ని అడుగుతాయి. కాంట్రిల్ వేరుచేసిన కాలాలు ఇక్కడ ఒకే మొత్తంలో కలిసిపోయాయి.

మూడు కాలాల మాపని

ఈ లోపాన్ని సరిదిద్దుతూ విలియం పావోట్, డైనర్, యూన్‌కూక్ సు 1998లో 15 వాక్యాల మాపనిని ప్రకటించారు. గతం, వర్తమానం, భవిష్యత్తులకు ఐదేసి వాక్యాలు కేటాయించారు. దీనిని కళాశాల విద్యార్థులతో పాటు ఇతర వయోజనులపైనా పరీక్షించారు.

దీని ప్రయోజనం ఒక ఊహాత్మక ఉదాహరణలో చూడండి. ఒక విద్యార్థికి గతానికి 10, వర్తమానానికి 20, భవిష్యత్తుకు 30 వచ్చాయి. మరొకరికి వరుసగా 30, 20, 10 వచ్చాయి. ఇద్దరి మొత్తం 60. ఇద్దరి వర్తమానం 20. కానీ మొదటివారిని వెనుకటి బాధ వేధిస్తోంది, రెండోవారిని రేపటి దిగులు. సలహా ఇచ్చే అధ్యాపకుడు మొత్తాన్ని మాత్రమే చూస్తే ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపుతాడు.

గుర్తుంచుకోవలసిన విషయం

గతానికి మీరు వేసే అంకె గతాన్ని కొలవదు. గతం గురించి ఈనాటి మీ అభిప్రాయాన్ని కొలుస్తుంది. చదువు ఆగిన ఏడాదికి ఆనాడు ఇచ్చే అంకె వేరు, మళ్లీ పుస్తకం పట్టిన నేడు ఇచ్చే అంకె వేరు కావచ్చు. జరిగినది మారదు, దానిని చూసే చూపు మారుతుంది. అందుకే నిజమైన మార్పు తెలియాలంటే అదే వ్యక్తిని వేర్వేరు సంవత్సరాల్లో అడగాలి. అలాగే ఆంగ్లంలో తయారైన మాపనిని తెలుగులోకి తెచ్చినప్పుడు దాని విశ్వసనీయతను, సప్రమాణతను మన విద్యార్థులపై మళ్లీ పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

0 నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెన గీసి, మూడు కాలాల్లో మీ స్థానాన్ని తేదీతో సహా గుర్తించండి. కోర్సు పూర్తయ్యాక పాత కాగితం చూడకుండా మళ్లీ గుర్తించి, రెండింటినీ పోల్చండి. గతానికి వేసిన మెట్టు మారిందా? ఎందుకు మారిందో ఐదు వాక్యాల్లో రాయండి.