తీగల పురి నుంచి స్విచ్ దాకా: ఈథర్నెట్ చరిత్రలో చివరి వంద మీటర్లు

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లాలో హంద్రీ నది ఒడ్డున ఉన్న మండల కేంద్రం కోడుమూరు. ఇటువంటి ఊళ్లకు అంతర్జాలం చేరిన చరిత్రను ఆప్టికల్ ఫైబర్ చరిత్రగానే చెప్పడం పరిపాటి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌లో ఆ తీగను విద్యుత్ స్తంభాల మీదుగా నడిపించారు. అయితే కార్యాలయపు గడప దాటాక కంప్యూటర్లను స్విచ్‌కు కలిపేది సాధారణంగా పురిపెట్టిన రాగితీగే. దాని పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పురి ప్రయోజనం

తాడుకు పురి పెట్టేది బలం కోసం. తీగల జంటకు పురి పెట్టేది బయటి విద్యుత్ జోక్యాన్ని తట్టుకోవడం కోసం. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో టెలిఫోన్ తీగలకై ఈ పద్ధతికి పేటెంట్ పొందాడు. జంటలోని రెండు తీగలలో సంకేతం పరస్పర వ్యతిరేకంగా సాగుతుంది. బయటి జోక్యం రెండింటిపైనా దాదాపు సమానంగా పడుతుంది. అందుకునే పరికరం ఆ రెండింటి భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది కనుక జోక్యం చాలావరకు రద్దవుతుంది.

3. ఉమ్మడి తీగ నుంచి సొంత దారికి

1973లో జిరాక్స్ పరిశోధనకేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రతిపాదించిన ఈథర్నెట్‌లో యంత్రాలన్నీ ఒకే కోయాక్సియల్ తీగను పంచుకునేవి. రెండు యంత్రాలు ఒకేసారి పంపితే సమాచారం ఢీకొనేది. తీగ ఒకచోట తెగితే మొత్తం వ్యవస్థ స్తంభించేది. 1990 నాటి 10బేస్-టి ప్రమాణం ప్రతి యంత్రానికీ విడిగా, సుమారు 100 మీటర్ల వరకు, పురితీగను అనుమతించింది. కానీ నడుమనున్న హబ్ వచ్చిన సమాచారాన్ని అందరికీ పంచేది. అదే ఏడాది వినోద్ భరద్వాజ్ సహస్థాపకుడుగా ఉన్న ‘కల్పన’ అనే అమెరికా సంస్థ ఈథర్‌స్విచ్‌ను తెచ్చింది. ఏ యంత్రం ఏ పోర్టులో ఉందో స్విచ్ గుర్తుంచుకుని, సమాచారాన్ని అక్కడికే పంపుతుంది. 1994లో ఈ సంస్థను సిస్కో కొనుగోలు చేసింది.

4. ప్లగ్గులో మిగిలిన టెలిఫోన్

ఎనిమిది పిన్నుల ప్లగ్గులో 1, 2 ఒక జంట. 3, 6 మరొక జంట. నడుమనున్న 4, 5 టెలిఫోన్ జంట స్థానం. ఈ చరిత్ర తెలియక జంటలను వరుసగా 1-2, 3-4, 5-6, 7-8 అని అమర్చితే 3, 6 పిన్నులు వేర్వేరు జంటలకు చెందుతాయి. తీగ తెగలేదని సాధారణ టెస్టర్ చూపుతుంది. అయినా పురి ఫలం దక్కక సమాచారం చెదిరిపోతుంది. నాలుగు జంటలనూ వాడుకునే గిగాబిట్ ప్రమాణం 1999లో వచ్చింది.

5. ముగింపు

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో పౌరుల దరఖాస్తులు కంప్యూటర్ల మీద ఆధారపడడం పెరిగింది. ఫైబర్ ఊరు చేరినా, ప్లగ్గులో జంట తప్పితే ఆ దరఖాస్తు కదలదు. కనుక కోడుమూరు వంటి చోట్ల అంతర్జాల వ్యాప్తిని అధ్యయనం చేసేవారు ఫైబర్ పొడవుతో పాటు, గోడ వెంట సాగిన రాగితీగనూ, దాన్ని అమర్చిన చేతిపనినీ చరిత్రకు ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.