రూపాయి మర్యాద

రాజకీయాలంటే మనకి ఢిల్లీ, హైదరాబాదులే గుర్తొస్తాయి. కానీ ఇంటి గడపదాకా వచ్చేది మునిసిపాలిటీయే కదండీ!

కరీంనగర్ 2005లో కార్పొరేషన్ అయింది. 2014లో అక్కడి కార్పొరేటర్లు తమలో ఒకరైన సర్దార్ రవీందర్ సింగ్‌ను మేయరుగా ఎన్నుకున్నారు. ఊళ్ళో సిక్కులు కొద్దిమందే. తలల లెక్కతో వచ్చిన పదవి కాదది. 2019లో, పదవీకాలం ముగియవస్తుండగా, ఒక్క రూపాయికే అంత్యక్రియలు జరిపించే పథకం పెట్టారు. ఏ మతంవారికి ఆ మతం పద్ధతిలోనే.

నాకు నచ్చింది ఆ రూపాయే. ఊరికే ఇస్తే దానం. రూపాయి కడితే హక్కు. భర్త పోయిన ఇల్లాలు ఏడవడానికి ముందు అప్పుకోసం వెతుక్కోవడం మనం చూడలేదూ? ఆమెకి ఏడ్చే తీరికైనా ఇవ్వగలిగిన పదవి చిన్నదెలా అవుతుంది?